లేని రోజుల లెక్క

పోయిన వారం పక్కింటి వాళ్ళమ్మాయి అమెరికా నుంచి ఫోన్ చేసింది. వాళ్ళ నాన్నగారికి గుండె ఆపరేషన్ చేయాలన్నారు. "ఆంటీ, మీ తమ్ముడి సిటిజన్‌షిప్ అప్పుడు రోజుల లెక్క మీరే వేశారని అమ్మ చెప్పింది. నేనొచ్చి నాలుగైదు నెలలు ఉండిపోతే నాకేమైనా ఇబ్బందా?" అని అడిగింది. ఆపరేషన్ ఎప్పుడు, డాక్టరు ఏమన్నాడు అన్న మాటలు ఆ తర్వాతే వచ్చాయి. ఆ పిల్లని తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, తండ్రంటే ప్రాణం దానికి. గ్రీన్‌కార్డు వచ్చి నాలుగేళ్ళయింది, ఇంకో ఏడాదిలో దరఖాస్తు పెట్టుకోవాలి. అలాంటప్పుడు బుర్ర ముందు అటే పోతుంది.

నాకు తెలిసింది చెప్పాను. అక్కడ అయిదేళ్ళలో కనీసం సగం, అంటే 30 నెలలు, ఆ నేల మీద ఉండాలి. అది కాక ఒకే విడతలో ఆరు నెలలు దాటి బయట ఉండిపోతే, నివాసం తెగిపోయిందనే అనుకుంటారు. తెగలేదని మనమే కాగితాలు చూపించి ఒప్పించాలి. నాలుగైదు నెలలకి భయం లేదమ్మా, వచ్చేయ్ అన్నాను. "అయిదుకి తీసుకోనా ఆంటీ, నాలుగుకే తీసుకోనా?" అంది. తండ్రి కోలుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఎవరికీ తెలియదు. తిరుగు టికెట్ మాత్రం ఇప్పుడే తేల్చుకోవాలి.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. 2021లో మా ఇంట్లో ఇదే మాట నడిచింది. ఆ ఏడాది నుంచి నా మనసులో నలుగుతున్న సంగతి ఇక్కడ రాసి పెట్టాలనిపించింది.

అమ్మ గోడ క్యాలెండరు

మాది బరంపురం. నేనొక ప్రైవేటు కాలేజీలో అకౌంట్స్ చూస్తాను. అందుకే ఇంట్లో ఏ లెక్కయినా నా దగ్గరికే వస్తుంది. తమ్ముడు 2016 ఆగస్టులో చదువుకని కెనడా వెళ్ళాడు. 2018 నవంబరు 20న పి.ఆర్., అంటే శాశ్వత నివాస హోదా, వచ్చింది. అక్కడి చట్టం ప్రకారం దరఖాస్తు మీద సంతకం పెట్టే తేదీకి ముందున్న అయిదేళ్ళలో 1095 రోజులు కెనడాలో ఉండాలి. పి.ఆర్. రాకముందు చదువు మీదో ఉద్యోగం మీదో అక్కడున్న ఒక్కో రోజుకి అర రోజు చొప్పున, 365కి మించకుండా కలుపుతారు. తమ్ముడికి ఆ 365 పూర్తిగా వచ్చాయి. ఇంకా 730 రోజులు కావాలి. ఎక్కడికీ కదలకుండా ఉండి ఉంటే 2020 నవంబరు మూడో వారానికి అయిపోయేది.

2020 మార్చి 5 రాత్రి నాన్న పోయారు. తమ్ముడు 6 సాయంత్రం అక్కడ విమానం ఎక్కి 8 మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. అప్పటిదాకా నాన్నని ఐస్ బాక్సులో ఉంచాం. పెద్దకర్మ అయ్యాక 24న తిరుగు ప్రయాణం. ఈలోపే అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మొదట పదిహేను రోజులు అనుకున్న వాడి మకాం సెప్టెంబరు దాకా సాగింది. సెప్టెంబరు 7న ఇక్కడి నుంచి బయల్దేరి 9న కెనడాలో దిగాడు.

దరఖాస్తు కోసం తను దేశం బయట ఉన్న ప్రతి ప్రయాణం, వెళ్ళిన తేదీ, వచ్చిన తేదీ, కారణం రాయాలి. తిరిగి వెళ్ళినప్పుడు అక్కడ మెషీన్ దగ్గర పని కానిచ్చేశారు, పాస్‌పోర్టు మీద ముద్ర పడలేదు. మన వైపు వేసిన ముద్ర అలుక్కుపోయి అది 3వ తేదీయో 8వ తేదీయో తెలియడం లేదు. "అక్కా, నేను ఇంట్లోంచి ఏ తేదీన బయల్దేరానో చూసి చెప్పు" అని ఫోన్ చేశాడు.

మా అమ్మ గోడ క్యాలెండరులో పాల లెక్క రాస్తుంది. లీటరైతే ఒకటి, ఒకటిన్నరైతే దాని పక్కన అర. ఆ ఏడాది మార్చి 8 గడిలో పాల లెక్క కింద "చి" అని ఉంది. చిన్నోడు వచ్చాడని. అక్కడి నుంచి రోజూ "చి". ఏప్రిల్ నిండా, మే నిండా. సెప్టెంబరు 7 దాకా. 8వ గడిలో పాలు లీటరుకి తగ్గాయి, "చి" లేదు. మొత్తం లెక్కపెడితే 184. ఫారంలో మాత్రం 186 వచ్చింది, దారిలో పోయిన రెండు రోజులతో కలిపి. కెనడా లెక్కలో బయల్దేరిన రోజూ చేరిన రోజూ అక్కడున్నట్టే, కాబట్టి మార్చి 6, సెప్టెంబరు 9 రెండూ తీసేయక్కర్లేదు. తమ్ముడి ఈమెయిల్లో దొరికిన బోర్డింగ్ పాసుతో అమ్మ లెక్క సరిగ్గా కలిసింది.

నేనా క్యాలెండరు పట్టుకుని కూర్చున్న మధ్యాహ్నం ఇంకా గుర్తుంది. భర్త పోయిన ఆరు నెలల్లో అమ్మ నిలబడడానికి ఆ 184 గడులే ఆధారం. ఆమె ఒక్కొక్కటే కలుపుకున్న రోజుల్ని నేను ఒక్కొక్కటే తీసివేతలోకి రాసుకున్నాను.

ఉగాది నాడు

ఆ 186 రోజుల వల్ల తమ్ముడి 1095 నిండడం 2021 మే ఆఖరి వారానికి జరిగింది. ఏప్రిల్ 13, ఉగాది నాడు, పొద్దున్నే స్నానానికి వెళ్ళిన అమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. అప్పటికి తమ్ముడి లెక్కలో ఇంకా 41 రోజులు తక్కువ.

నేను ఫోన్ చేశాను. వాడు వెంటనే టికెట్లు చూశాడు. స్ట్రెచర్ మీద ఉన్న అమ్మ నా చేతిలో ఫోన్ లాక్కుని, "రావద్దురా, నీ రోజులు పోతాయి" అంది. నేను ఆమెకి ఎప్పుడూ ఆ చట్టం సంగతి వివరించి చెప్పలేదు. క్యాలెండరు దగ్గర కూర్చుని తమ్ముడితో మాట్లాడుతుంటే విని తెలుసుకుంది.

వాడు ఆ రాత్రి, మర్నాడు, ఆ మర్నాడు ఆలోచించాడు. 22న కెనడా మన దేశం నుంచి నేరుగా వచ్చే విమానాలు ఆపేసింది. అది సెప్టెంబరు దాకా ఎత్తలేదు. వచ్చి ఉంటే మళ్ళీ ఎన్ని నెలలు ఇరుక్కునేవాడో. అమ్మకి ఆపరేషన్ అయింది, ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తుంది. తమ్ముడు జులైలో దరఖాస్తు పెట్టాడు, పౌరసత్వం వచ్చింది. ఏమీ మునిగిపోలేదు. అయినా కొడుకుని రావద్దనడానికి ఒక తల్లికి దొరికిన మొదటి మాట రోజులు పోతాయని కావడం నేను జీర్ణించుకోలేకపోతున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పౌరసత్వం అడిగేవాళ్ళని ఇక్కడ ఎన్ని రోజులున్నావని అడగడం న్యాయమే. లేని రోజులు ఎందుకు లేవు అన్న ప్రశ్నకి కూడా చట్టంలోనే చోటుండాలి. అధికారి దయ మీద వదలకుండా, పలానా కారణానికి ఇన్ని రోజులు అని రాసి ఉండాలి.

రంగం నుంచి నడిచొచ్చినవాళ్ళు

ఇది కొత్త ఊహేం కాదు. మా తాతయ్యల కాలంలోనే ఒక దేశం తన రాజ్యాంగంలో రాసుకుంది.

గంజాం, శ్రీకాకుళం వైపు పాత కుటుంబాల్లో రంగం, అంటే బర్మాలోని రంగూను, వెళ్ళినవాళ్ళు లేని ఇల్లు తక్కువ. గోపాల్‌పూర్‌లో స్టీమరెక్కితే రంగూనులో దిగేవారు. 1931 జనాభా లెక్కల్లో ఆ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసేవాళ్ళలో, మిల్లుల్లో, మన తెలుగువాళ్ళు. వాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు. మా తాతయ్య, ఆయన తమ్ముడు 1931లోనే వెళ్ళారు. 1941 డిసెంబరు 23న జపాను రంగూను మీద బాంబులు వేసింది. ఆ తర్వాతి నెలల్లో లక్షల మంది అడవుల గుండా, కొండల గుండా మణిపూర్ వైపూ చిట్టగాంగ్ వైపూ నడిచొచ్చారు. మా తాతయ్యలిద్దరూ అందులో ఉన్నారు. చిన్నతాత యుద్ధం అయ్యాక, 1946లో మళ్ళీ వెళ్ళాడు.

1948 జనవరి 4న బర్మాకి స్వాతంత్ర్యం వచ్చింది. బ్రిటిష్ ఏలుబడిలోని వేరే చోట పుట్టి బర్మాలో స్థిరపడినవాళ్ళు పౌరసత్వం కోరుకోవాలంటే పదేళ్ళలో ఎనిమిదేళ్ళు అక్కడ ఉండి ఉండాలన్నారు. ఆ పదేళ్ళు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి? 1948 జనవరి 4కి ముందు పదేళ్ళయినా సరే, 1942 జనవరి 1కి ముందు పదేళ్ళయినా సరే అని రాశారు. నేనిది చదివినప్పుడు మా చిన్నతాత లెక్క వేసి చూశాను. 1948 నుంచి వెనక్కి లెక్కిస్తే మధ్యలో నాలుగేళ్ళు లేడు, ఆరేళ్ళే వస్తాయి, తప్పుతాడు. 1942 నుంచి వెనక్కి లెక్కిస్తే పదేళ్ళూ ఉన్నాడు.

1942 జనవరి 1 అన్న ఆ ఒక్క తేదీ చూడండి. బాంబులు పడితే పారిపోయినవాడు ఆ ఊరిని వదిలేసినట్టు కాదని ఆ తేదీ ఒప్పుకుంటోంది. అధికారి ఎదుట ఏడవక్కర్లేదు, సంజాయిషీ రాయక్కర్లేదు. కారణం ముందే చట్టంలో ఉంది.

ఇంత చెప్పాక రెండో సగం కూడా చెప్పాలి. ఆ నియమం మా చిన్నతాతకి ఏ మేలూ చేయలేదు. అలాంటిది ఒకటుందని ఆయనకి తెలియనే లేదు, దరఖాస్తు పెట్టలేదు. 1964 నాటికి నె విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేసింది. మన దేశం పంపిన ఓడల్లో వేల మంది తిరిగొచ్చారు. ఆయనా ఒక ట్రంకు పెట్టెతో వచ్చాడు. దాదాపు ముప్పై ఏళ్ళు రంగంలో బతికినవాడు అక్కడ విదేశీయుడిగానే మిగిలాడు. 1982లో అక్కడి పౌరసత్వ చట్టం ఇంకా బిగుసుకుంది. కాబట్టి చట్టంలో మంచి వాక్యం ఉంటే సరిపోతుందని నేను అనడం లేదు. ఆ వాక్యం లేకపోతే మాత్రం అడగడానికి కూడా ఏమీ ఉండదు.

అధికారి మనసు మీద వదిలితే

నా వాదన వినగానే తమ్ముడే ఎదురు చెప్పాడు. "అక్కా, కారణాలు చూడడం మొదలుపెడితే ఏమవుతుందో కెనడా ఇప్పటికే చూసింది" అన్నాడు. వాడు చెప్పాక చదివితే నిజమే.

1977 నుంచి అక్కడి చట్టంలో నాలుగేళ్ళలో మూడేళ్ళ నివాసం అని ఉండేది. నివాసం అంటే ఏమిటో రాయలేదు. 1978లో ఒక గ్రీకు విద్యార్థి కేసు వచ్చింది. ఆ అబ్బాయి చాలా కాలం అమెరికాలో చదువుకుంటూ సెలవులకి కెనడా వచ్చేవాడు. జడ్జి థర్లో అతని పక్షాన తీర్పిచ్చాడు. ఒక చోట ఇల్లు ఏర్పరచుకున్న మనిషి చదువుకో పనికో కొన్నాళ్ళు వెళ్ళినంత మాత్రాన ఆ చోటి నివాసి కాకుండా పోడని ఆయన వాదన. 1992లో జడ్జి రీడ్ ఆరు ప్రశ్నలు తయారు చేసింది, మనిషి మామూలుగా ఎక్కడ బతుకుతున్నాడో తేల్చడానికి. ఆ మరుసటి ఏడాదే జడ్జి మల్డూన్ ఇవన్నీ తోసేసి రోజులే లెక్కన్నాడు. దుకాణాల్లో, లైబ్రరీల్లో, బస్సుల్లో అక్కడి జనంతో భుజాలు రాసుకుంటేనే ఆ దేశం వంటబడుతుందని, అందుకే ఒళ్ళు అక్కడ ఉండాలని ఆయన భావం. 1999లో మరో తీర్పు ఈ మూడు పద్ధతుల్లో ఏదైనా వాడుకోవచ్చని తేల్చింది.

ఆలోచించండి. ఒకే ఊరి నుంచి వెళ్ళిన ఇద్దరు, ఒకే రోజుల లెక్క, ఒకరికి వస్తుంది, ఇంకొకరికి రాదు. ఎవరి ఫైలు ఎవరి బల్ల మీదికి వెళ్ళిందన్నదే తేడా. ఇలా ముప్పై ఏళ్ళ పైన నడిచింది. పైగా దొంగ నివాసాలు. అక్కడ ఒక్క రోజూ ఉండకుండా అద్దె రసీదులు, ఫోన్ బిల్లులు పుట్టించి ఇచ్చే కన్సల్టెంట్లు పెరిగిపోయారు. 2012లో ఆ ప్రభుత్వం 3,100 మంది దాకా పౌరసత్వం రద్దు చేసే పని మొదలుపెట్టామని ప్రకటించింది. చివరికి 2015లో శారీరకంగా ఉన్న రోజులే లెక్క అని చట్టంలోకి తెచ్చారు. అప్పుడు ఆరేళ్ళలో 1460 అన్నారు, 2017లో అయిదేళ్ళలో 1095కి తగ్గించారు.

ఈ చరిత్ర చదివాక నా మాట కొంత మార్చుకున్నాను. మొదట్లో అధికారికి మనసుంటే చాలు కదా అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోను. మనసున్న అధికారి ఒకచోట దొరికితే లేనివాడు పదిచోట్ల దొరుకుతాడు. రోజుల లెక్కలో ఒక గౌరవం ఉంది. లెక్క సరిపోయిందా, ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. నాలాంటి లెక్కల మనిషికి ఆ సంగతి తెలుసు.

కానీ లెక్కలో కారణాలకి ఇప్పటికే చోటుంది, అదే నన్ను నిలదీసి అడిగేలా చేస్తోంది. కెనడా ప్రభుత్వం తరఫున, సైన్యంలోనో ప్రభుత్వోద్యోగంలోనో బయటి దేశంలో పనిచేసే పి.ఆర్. ఉన్న మనిషికి ఆ రోజులు కెనడాలో ఉన్నట్టే కలుపుతారు. అమెరికాలో ప్రభుత్వం పంపినవాళ్ళు, గుర్తింపున్న పరిశోధన సంస్థల వాళ్ళు, విదేశీ వ్యాపారం చేసే అమెరికన్ కంపెనీల వాళ్ళు, కొందరు మతప్రచారకులు ముందుగా ఒక దరఖాస్తు పెట్టుకుంటే ఏడాది దాటి బయట ఉన్నా నివాసం తెగదు. అంటే ఒంటితో అక్కడ లేకపోయినా ఉన్నట్టే అనుకోవచ్చని ఆ చట్టాలు ఒప్పుకున్నాయి. కంపెనీ పని మీద వెళ్ళినవాడిది కారణమైతే, తండ్రికి తల కొరివి పెట్టడానికి వచ్చినవాడిది ఎందుకు కాదు?

మరీ పెద్ద కష్టమొస్తే మంత్రి ప్రత్యేకంగా ఇవ్వొచ్చన్న క్లాజు కెనడా చట్టంలో ఉంది. అది అసాధారణమైన కష్టానికి. తండ్రి చనిపోవడం అసాధారణం కాదు, ప్రతి ఒక్కరికీ జరుగుతుంది. ప్రతి వలస జీవితంలోనూ ఒకటి రెండుసార్లు తప్పక వచ్చే ప్రయాణం అది. తప్పక వచ్చేదానికి ముందే చోటు పెట్టుకోవడం లెక్క రాసేవాళ్ళెవరైనా చేసే పని. మా కాలేజీలో ఉద్యోగుల సెలవుల్లోనే ఆ పద్ధతి ఉంది.

మన దేశం సంగతి చూద్దాం. ఇక్కడ పౌరసత్వం కోరే విదేశీయుడు దరఖాస్తుకి ముందు 12 నెలలు ఏకధాటిగా, దానికి ముందు 14 ఏళ్ళలో మొత్తం 11 ఏళ్ళు ఉండాలి. ఆ ఏకధాటి 12 నెలల్లో, ప్రత్యేక పరిస్థితులుంటే, వాటిని రాతపూర్వకంగా నమోదు చేసి 30 రోజుల దాకా సడలించవచ్చని 2015లో సవరణ తెచ్చారు. విడతలు విడతలుగా అయినా ఆ 30 రోజులు వాడుకోవచ్చు. నాకు ఆ సవరణ నచ్చింది. గీత గీసింది, గీత ఎంతో చెప్పింది, కారణం కాగితం మీద పెట్టమంది. ఆ ప్రత్యేక పరిస్థితులేమిటో కూడా రాసి ఉంటే ఇంకా బాగుండేది.

నేను కోరేది ఇంతకు మించి లేదు. తల్లిదండ్రుల, భార్యాభర్తల, పిల్లల మరణం, ప్రాణాపాయం. సరిహద్దులు మూసేయడం వల్ల ఇరుక్కుపోవడం. ఇలా వేళ్ళ మీద లెక్కపెట్టగల కారణాలు, ఒక్కోదానికి ఇన్ని రోజులని హద్దు, చూపించాల్సిన కాగితం పేరు.

కలిమెల దర్జీ

కాగితం అనగానే మా ఆయన గుర్తు చేసిన మనిషి ఒకరున్నారు. ఉద్యోగరీత్యా మేం కొన్నేళ్ళు మల్కన్‌గిరి జిల్లా కలిమెలలో ఉన్నాం. అక్కడ తెలుగు వినిపించినంతగా బంగ్లా కూడా వినిపిస్తుంది. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద తూర్పు బెంగాల్ శరణార్థులని తెచ్చి అడవి కొట్టించి ఊళ్ళు కట్టించారు. ఆ ఊళ్ళకి ఇప్పటికీ ఎం.వి. అని ముందు పెట్టి నెంబర్లే. మా పక్కనున్న దర్జీ ఆ మొదటి వాళ్ళలో వాడు కాదు, 1970ల చివర్లో బంధువుల వెంట వచ్చినవాడు. మేమంతా దాదా అనేవాళ్ళం.

ఒకసారి మా ఆయనతో చెప్పాడట, తల్లి చావుబతుకుల్లో ఉందని కబురొస్తే 1994లో దొంగచాటుగా సరిహద్దు దాటి వెళ్ళి, తలకొరివి పెట్టి నాలుగు నెలలకి తిరిగొచ్చానని. ఇక ఎవరికీ చెప్పొద్దన్నాడు. "వెళ్ళొచ్చానంటే, అప్పుడే వచ్చావన్నమాట అంటారు" అన్నాడు. మా తమ్ముడికి లేని రోజులు తీసివేతలో రాసే గడి అయినా ఉంది. ఆయనకి ఆ రోజుల్ని నోటితో చెప్పుకునే దారి కూడా లేదు.

పొరుగు దేశాల నుంచి వచ్చినవాళ్ళ కోసం తెచ్చిన 2019 పౌరసత్వ సవరణ చట్టానికి 2024 మార్చిలో నియమాలొచ్చాయి. అది కొన్ని మతాలవాళ్ళకే ఎందుకన్న ప్రశ్న నాకూ ఉంది, దాని గురించి వేరే రాయాలి. ఇక్కడ చెప్పదలచుకున్నది ఆ నియమాల్లో సాక్ష్యాల జాబితా గురించి. 2014 డిసెంబరు 31 నాటికే వచ్చామని చూపించడానికి 20 రకాల కాగితాలు ఒప్పుకున్నారు. రేషన్ కార్డు, కరెంటు బిల్లు, స్కూలు సర్టిఫికెట్, జనాభా లెక్కలవాళ్ళు ఇచ్చిన చీటీ. వాటిలో ఊరి వార్డు మెంబరో సర్పంచో లాంటి ఎన్నికైన మనిషి ఇచ్చే పత్రం కూడా ఉంది. ఈ మనిషి ఇన్నాళ్ళుగా మా మధ్యే ఉన్నాడని ఊరి తరఫున ఒక మనిషి చెప్పే మాట అది. కారణాలకి సాక్ష్యం ఎక్కడి నుంచి తేవాలని అడిగేవాళ్ళకి నా జవాబు అదే. పాస్‌పోర్టు ముద్ర అలుక్కుపోతుంది. చావు జరిగిన సంగతి ఊరందరికీ తెలుసు, మున్సిపాలిటీలో రాసి ఉంటుంది.

ఒకసారి మా అమ్మాయికి నివాస ధ్రువపత్రం కోసం వెళ్తే ఒకాయన ఒడియాలో, "ఆంధ్రా నుంచి ఎప్పుడొచ్చారు?" అని అడిగాడు. మేం రాలేదు. 1936 మార్చి 31 దాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, ఏప్రిల్ 1న ఒడిశాలో ఉంది. మా ముత్తాత ఆ రాత్రి తన ఇంట్లోనే పడుకున్నాడు. మమ్మల్ని ఎవరూ 1095 రోజులు అడగలేదు. పుట్టుకతో వచ్చినదానికి లెక్క చెప్పక్కర్లేని మనం, లెక్క చెప్పాల్సినవాళ్ళ గురించి కాస్త తగ్గి మాట్లాడాలని నాకప్పటి నుంచి అనిపిస్తుంది.

నాకే తేలనివి

నా వాదనలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేవి రెండున్నాయి.

మొదటిది తమ్ముడి గురించే. 2020 ఏప్రిల్‌లో కెనడా ఢిల్లీ నుంచి ప్రత్యేక విమానాలు నడిపింది, పి.ఆర్. ఉన్నవాళ్ళకి కూడా. వాడు ఎక్కలేదు. బరంపురం నుంచి ఢిల్లీ చేరడం అప్పట్లో చాలా కష్టం, అది నిజమే. కానీ ఎక్కకపోవడానికి అసలు కారణం అమ్మ. భర్త పోయి నెల కూడా కాని మనిషిని, రోడ్డు మీద పిట్ట కూడా కనపడని రోజుల్లో వదిలి వెళ్ళలేకపోయాడు. అది ఇరుక్కుపోవడమా, ఉండిపోవడమా? నేను రాయమన్న జాబితాలో ఆ 186 రోజుల్లో ఎన్ని పడతాయి? నిజాయితీగా లెక్కేస్తే చావుకి ఒక నెల, మూసేసిన దారులకి మరో రెండు నెలలు. మిగతావి వాడు ఎంచుకున్నవి. వాటిని తీసేసినా నాకు అభ్యంతరం లేదు. అప్పుడు కూడా ఉగాది నాటికి 41 తక్కువ ఉండేవి కావు.

రెండోది ఇంకా బరువైనది. విమానం టికెట్ కొనగలిగినవాళ్ళకే ఈ మినహాయింపు పనికొస్తుంది. తల్లి చనిపోతే ఫోన్లో చూసి ఏడ్చి మర్నాడు షిఫ్టుకి వెళ్ళేవాళ్ళున్నారు. ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాళ్ళు అసలు తిరిగి వెళ్ళలేరు. వాళ్ళ లెక్కలో ఒక్క రోజు కూడా తగ్గదు, ఆ నిండు లెక్క వెనకున్న దుఃఖానికి ఏ గడీ లేదు. నేను అడిగేది వాళ్ళకి ఏమీ ఇవ్వదు. ఒకరికి అందదు కాబట్టి ఇంకొకరికి వద్దనడం సరి కాదని నాకు నేను చెప్పుకుంటాను. అయినా ఈ మాట దగ్గర నా గొంతు కొంచెం తగ్గుతుంది.

నిన్న సాయంత్రం పక్కింటి అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. తిరుగు టికెట్ అయిదు నెలలకే తీసుకుందట. బోర్డింగ్ పాసులు పారేయొద్దనీ, వెళ్ళేటప్పుడు ముద్ర సరిగా పడిందో లేదో అక్కడే నిలబడి చూసుకోమనీ, బయల్దేరిన రోజూ దిగిన రోజూ అమెరికా లెక్కలోకే వస్తాయనీ చెప్పాను. వచ్చే మంగళవారం దిగుతుంది. మంచం మీద నుంచి అంతా విన్న అమ్మ క్యాలెండరు అందుకోమంది. మంగళవారం గడిలో పాల లెక్క పక్కన ఆ పిల్ల పేరులో మొదటి అక్షరం రాసింది.